లేయా వంతు

బైబిల్లోని లేయా కథ తన సొంత ఆస్తి అనుకునేది అక్క. కళ్లు అంతంతమాత్రమైన పెద్దకూతురు లేయా, ఇద్దరికీ మొగుడైన యాకోబుకు మనసంతా చెల్లెలు రాహేలు మీదే. తనను చూసే రాశారేమో! మొగుడితో కలిసి నడిపే కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే ఆమె ముఖంలోకి మొగుడు తేరిపార చూసేది ఆమె కళ్లజోడుకు కొత్త ఫ్రేము కొలత తీసేటప్పుడే.

చెల్లెలి మొగుడు మాత్రం చినుకు పడితే చాలు, గొడుగు పట్టి ఆమెను బైబిలు తరగతి గుమ్మం దాకా దింపుతాడు. ఆ గొడుగు చూస్తే అక్కకు కడుపు మండిపోయేది.

ఆ వారం తరగతి లేయా, రాహేలుల గురించే. ఆదివారం చర్చిలో దీనిమీద మాట్లాడేది ఒక్కరే. అది తానే కావాలని అక్క ఎన్ని మాటలు కూడబెట్టుకుందో.

"ఈ కథలో ఎవర్ని చూస్తే జాలేస్తుంది?" అడిగింది పాస్టరమ్మ.

"లేయానే. వేరే అడగాలా?" అంది అక్క.

"రాహేలు," అంది చెల్లెలు అదే క్షణంలో.

ఎవరో నవ్వారు. "ఇంట్లో పోట్లాట ఇక్కడిదాకా తెచ్చారే!"

"రాహేలుకేం లోటే?" అంది అక్క. "మొగుడు నెత్తిన పెట్టుకున్నాడుగా."

"అక్కకు ఒకడు, ఇంకొకడు, మళ్లీ ఇంకొకడు పుడుతుంటే చూస్తూ కూర్చుంది. పిల్లలు లేకపోతే చచ్చిపోతానంది. నేనూ అన్నానక్కా, మా ఆయనతో. నువ్వు మూడోవాణ్ని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు."

పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆదివారం నువ్వే మాట్లాడమ్మా," అంది చెల్లెలితో.

అక్కకు జాలి రావాలి. రాలేదు. ఇన్నేళ్లూ ఇది నన్ను చూసి కుళ్లుకుందా! ఒక్క క్షణం లోపల తియ్యగా ఏదో కదిలింది. వెంటనే మరో మంట. అందం దానిదే, గొడుగు దానిదే, ఆఖరికి ఏడుపూ దానిదేనా?

"ఇద్దరం మాట్లాడతాం. రాహేలు గురించి నేను చెబుతా," అంది గబుక్కున. "నువ్వు లేయా గురించి చెప్పు. అప్పుడు తెలిసొస్తుంది నీకు."

పాస్టరమ్మ సరేనని తలూపింది, చెల్లెలు బైబిలు తెరిచి అక్క ముందుకు జరిపింది. "సరే. ఏదీ, చదువు."

పిల్లల కోసం రాహేలు మొగుణ్ని నిలదీసే చోట వేలు పెట్టింది. అక్క కసిగా, గట్టిగా చదివింది.

"అలా కాదక్కా. అంత గట్టిగా ఎలా అంటాం? పక్క గుడారంలో నువ్వుంటావుగా."

అక్క మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు లేవలేదు.