రెండు వేళ్ల గుడ్డ

నవంబరు పద్నాలుగు, ప్రదర్శన రోజు. ఆ మధ్యాహ్నం ఖుబూస్ రొట్టెతో పప్పు తిన్నట్టు మౌలాలికి గుర్తు. రియాద్‌లో ఒపెరాకు దుస్తులు కుట్టే కడప దర్జీ ఆయన. పెళ్లికూతురి రవికెకు వదిలినట్టే ప్రధాన గాయని గౌను కుట్టు లోపలా రెండు వేళ్ల వెడల్పు గుడ్డ అదనంగా వదిలాడు. ప్రదర్శనకు ముందు ఆమె అడిగితే కుట్టు విప్పి నడుం వదులు చేశాడు. తీరా వేదిక మీద, జలుబు చేసి ఆమె గొంతే పలకలేదు.

మర్నాడు పత్రిక మాత్రం గౌను బిగుతై పాట చెడిందని రాసింది.

"వదులు జేసింటి గదా సార్, బిగుతెట్లయితాది?" అన్నాడు మేనేజర్ ప్రసాద్‌తో.

"తెలుసండీ. ఆవిడకి జలుబంటే టికెట్లు ఎవరు కొంటారు? మీకు ఎగ్జిట్ వేసేశారు, ఇక ఊరికి వెళ్లిపోవాల్సిందే."

గాయని అన్నీ తెలిసీ నోరు విప్పలేదు. ఆ రాత్రి మాత్రం, ఆయన వంగే పని లేకుండా, రోజూ నేల మీదే వదిలేసే గౌనును తానే హ్యాంగరుకు తగిలించి వెళ్లింది.

మౌలాలి దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.