భూదేవి కుడి బొటనవేలు

రాజమల్లు తెచ్చిన కాగితం మీద వేలిముద్ర చక్కగా, ఏ గీతకు ఆ గీత విడిగా పడి ఉంది. అది తన తల్లిదే అంటే రజనికి నమ్మబుద్ధి కాలేదు. తల్లి భూదేవి వేలికి గీతలే లేవు.

పదహారేళ్లు బీడీలు చుట్టిన చెయ్యి అది. తునికాకు రోజూ రాసుకుని రాసుకుని బొటనవేలు గులకరాయిలా నున్నబడింది. కల్లు గీసే భర్త రాజనర్సు తాటిచెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, బీడీల కూలి మందులకే చాలక, భూదేవి మస్కట్‌కు ఇంటిపనికి పోయింది. పంపించింది కోరుట్ల ఏజెంటు రాజమల్లే. తొమ్మిది నెలలు ప్రతి శుక్రవారం ఫోన్ చేసింది. తర్వాత నాలుగు శుక్రవారాలు ఫోన్ లేదు. రజని జగిత్యాల పోయి కలెక్టరాఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చింది. మూడోనాడు పొద్దున్నే రాజమల్లు బండి ఇంటి ముందర ఆగింది.

"ఏంది రాజనర్సు, బిడ్డతోని నా మీద దరఖాస్తు పెట్టిచ్చినవట?" కుర్చీ లాక్కుని కూర్చుంటూ నవ్వాడు. "నేనేమన్న పరాయోణ్ణా? ఒక్క ఫోన్ కొడితె అయిపోవు గద."

"కొడితె ఎత్తుతలేవు గదనే," అన్నాడు రాజనర్సు మంచం మీంచి.

రాజమల్లు అది విననట్టే సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. "భూదేవి మంచిగున్నది. ఇల్లు మారింది. గా ఇంట్ల ఫోన్ ఇయ్యరు, గంతే. రెండేండ్లు ఆన్నే ఉంటనని ఇష్టంతోని వేలుముద్ర ఏసింది. నిన్న అచ్చినోనితోని పంపింది. ఇగో, నువ్వు గీ రెండోదాని మీద ముద్ర ఎయ్యి, మాకేం తకరారు లేదని. దరఖాస్తు బందైతది."

"ఇయ్యి కాకా, చదివి చెప్త," అని రజని రెండు కాగితాలూ అందుకుంది.

పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. ముద్ర పక్కన మాత్రం తెలుగులో 'భూదేవి కుడి బొటనవేలు' అని రాసి ఉంది. మగవాళ్లకైతే ఎడమ, ఆడవాళ్లకైతే కుడి. ఇది ఈ వైపు రిజిస్ట్రాఫీసుల అలవాటు. మస్కట్‌లో రాసినవాడికి ఎవరు చెప్పారో!

"ఆడ గూడ మనోళ్లే ఉన్నరు బిడ్డా రాసెటోళ్లు," అన్నాడు రాజమల్లు, ఆమె అడగకముందే.

నిజమే కావచ్చు. గీతలు కూడా మళ్లీ మొలిచి ఉండొచ్చు. కొన్ని నెలలు ఆకు ముట్టకపోతే అరిగిన గీతలు తిరిగి వస్తాయని కాలేజీలో సారు చెప్పారు. ఇది కన్నతల్లి వేలే అయితే అవ్వ బతికి ఉన్నట్టు. రజనికి అంతకంటే ఏం కావాలి? అవ్వదే కావాలి, అవ్వదే కావాలి అనుకుంటూ లోపలికి పోయి ప్రాజెక్టు పుస్తకం, భూతద్దం తెచ్చుకుంది.

రజని జువాలజీ చదువుతోంది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఆడవాళ్ల వేలిగీతలకూ మగవాళ్ల వేలిగీతలకూ తేడా ఏమిటన్నది ఆమె ప్రాజెక్టు. పోయినేడు స్టాంపు ప్యాడు పట్టుకుని ఊరంతా తిరిగి యాభై మంది మగవాళ్లవి, యాభై మంది ఆడవాళ్లవి కుడి బొటనవేళ్లు తీసుకుంది. ఐదు మిల్లీమీటర్ల గడి పెట్టి మూల నుంచి మూలకు గీతలు లెక్కపెట్టింది. ఆడవాళ్లవి సన్నంగా, దగ్గరదగ్గరగా ఉండి గడిలో పదిహేనో పదహారో వచ్చేవి. మగవాళ్లవి లావు, పన్నెండు దాటడమే కష్టం. ఆడవాళ్ల ముద్రలు దొరకడానికే తల ప్రాణం తోకకొచ్చింది. బీడీలు చుట్టేవాళ్లెవరికీ గీతలు కనబడలేదు. అందరికంటే ముందు తీసిన తల్లి ముద్ర కూడా నల్లటి మరకే. దాని మీద ఇంటూ కొట్టి 'చెరిగింది' అని రాసుకుంది.

కాగితం మీద గడి పెట్టి లెక్కపెట్టింది. పదకొండు.

లెక్క తప్పి ఉంటుందనుకుని మళ్లీ పెట్టింది. పదకొండే.

"ఏం జూస్తున్నవే?" అన్నాడు రాజనర్సు.

"ఏం లేదు బాపు."

ఒక్క మనిషిని పట్టుకుని ఆడా మగా తేల్చి చెప్పలేమని, పదిమందిని కలిపితేనే తేడా తెలుస్తుందని సారు పదేపదే అనేవారు. పదకొండు గీతల ఆడమనిషీ ఉండొచ్చు. రజని ఆ మాటనే పట్టుకుని భూతద్దం ఇంకా కిందికి దించింది. ముద్ర నడుమ రెండు సుడులు ఒకదాన్నొకటి వాటేసుకున్నట్టున్నాయి. వాటి మీదుగా ఏటవాలుగా సన్నటి తెల్లగీటు, ఎప్పటిదో తెగిన గాటు.

ఈ గీటును ఎక్కడో చూసింది.

పుస్తకంలో మగవాళ్ల పేజీలు తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఆ రోజు గుర్తొచ్చింది. అవ్వతో బీడీలు చుట్టే కొమురవ్వ పెద్దమ్మ అరుగు మీద తను కూర్చుని చూసుకుంటే మగవాళ్ల లెక్కలో ఒక్కటి తక్కువ పడింది. అటుగా పోతున్న మనిషి బండి ఆపి, "వేలుముద్రలల్ల గూడ ఆడ మొగ ఉంటదా బిడ్డా? రాస్కో, మీసమున్న వేలని," అని నవ్వుతూ వేలు చాచాడు.

యాభయ్యోది. రాజమల్లు, కోరుట్ల. రెండు సుడులు, తెల్లగీటు. పదకొండు.

రజని తల ఎత్తింది. ఆ వేలు రెండు మూరల దూరంలో టీ గ్లాసు పట్టుకుని ఉంది. అవ్వ ఈ కాగితాన్ని కళ్లతోనైనా చూడలేదు. మరి ఈ నాలుగు శుక్రవారాలూ…

రాజమల్లు గ్లాసు కింద పెట్టాడు. "గా పుస్తకంల ఏమున్నది?"

"ప్రాజెక్టు కాకా. ఆడోళ్ల వేలే ఇది." కాగితాలు లోపలుండగానే పుస్తకం మూసింది. "బాపు ముద్రకు ప్యాడ్ ఎండిపోయింది. పెద్దమ్మోళ్ల ఇంట్ల ఉన్నది, తెస్త."

"కాయితాలు ఆడ పెట్టి పో."

రజని పెట్టలేదు. పుస్తకంలో కాగితాలు అట్లాగే ఉంచి, రొమ్ముకు అదుముకుని గడప దాటింది. వెనక కుర్చీ కిర్రుమంది. "ఏ పిల్లా, ఆగు!" చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. పరుగెత్తితే అతని అనుమానం నిజమని తేలిపోతుంది, నడిస్తే దొరికిపోతుంది. ఆమె పరుగెత్తింది.

కొమురవ్వ అరుగు మీద పదిమంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. రజని వాళ్ల నడుమ కూలబడింది.

"ఏందే, దయ్యం పట్టినట్టు ఉరుకుతున్నవ్?" అంది కొమురవ్వ.

"పెద్దమ్మా, ఇది మా అవ్వ వేలట. చూడున్రి."

కాగితం చేయి మారింది. కొమురవ్వ తన బొటనవేలు పక్కన పెట్టి చూసుకుంది. పక్కామె కూడా పెట్టి చూసింది. వరసగా నున్నటి వేళ్లు, ఒక్కదానికీ గీత లేదు.

"గిన్ని గీతలెక్కడియే దీనికి?" అంది కొమురవ్వ. అప్పటికి రాజమల్లు అరుగు ముందుకు వచ్చి రొప్పుతున్నాడు. కొమురవ్వ కాగితాన్ని చాట కింద పెట్టి దాని మీద చెయ్యి వేసింది. "ఏమయ్యా, నీ వేలు సూపియ్యి."

రాజమల్లు కుడిచెయ్యి జేబులోకి పోయింది.

"ఇది నీ వేలే కాకా. నా పుస్తకంల ఉన్నది," అంది రజని. మగవాళ్ల ఆఖరి పేజీ తీసి చూపింది. "మా అవ్వ యాడున్నది?"

తిడతాడనుకుంది. కాగితం గుంజుకుంటాడనుకుంది. అతను అరుగు అంచు మీద కూర్చుండిపోయాడు. మొహాన చెమటలు పట్టాయి.

"నాకు ఎర్కలేదు బిడ్డా. ఒట్టు. ఆ ఇంటోళ్లు నెల సంది నా ఫోన్ గూడ ఎత్తుతలేరు. దరఖాస్తు అనంగనే భయమయ్యి…"

అబద్ధమైనా ఆడితే బాగుండునని రజనికి అనిపించింది. ఎక్కడో దాచాననో, ఫలానా చోట ఉందనో. ఈ మనిషికే తెలియకపోతే ఇంక ఎవరికి తెలుసు?

అరుగు మీది ఆడవాళ్లు కత్తెరలు పక్కన పెట్టారు. కొమురవ్వ ఒళ్లో ఆకు దులుపుకుని లేచి, చాట కింద కాగితం తీసి రజని పుస్తకంలో పెట్టింది. కాళ్లకు చెప్పులు వెతుక్కుంది.

"నువ్వు గూడ నడువు కలెక్టరాఫీసుకు," అంది రాజమల్లుతో. "జగిత్యాల బస్సు ఎన్నింటికే, రజనీ?"

"తొమ్మిదింబావుకు."

రజని పుస్తకం తెరిచింది. ఇంటూ కొట్టిన ఆడవాళ్ల మొదటి పేజీ వచ్చింది. ఆ నల్లటి మరక మీద వేలు పెట్టుకుని, బస్సు వచ్చేదాకా తియ్యలేదు.