మొదటి రేకు

ఆగండి, పేజీ తిప్పకండి, ముందు ఇది వినండి.

మార్కాపురంలో ఒక పలకల షెడ్డుకి శనివారం పొద్దున్నే రజిని వచ్చింది. హైదరాబాదులో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆమె. అయస్కాంతానికి ఏమాత్రం లొంగని ఒక స్ఫటికాన్ని పల్చటి పొరలుగా చీలిస్తే, ఆ పొర తనే అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని పదకొండేళ్ల కిందట కనిపెట్టింది. పేపర్లు, ల్యాబు, ఉద్యోగం అన్నీ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి. వేరే ఊళ్ల ల్యాబులవాళ్లు రెండుసార్లు ప్రయత్నించారు, వాళ్లకు ఆ ఫలితం రాలేదు. "వాళ్లకు చీల్చడం చేతకాదు" అని రజిని కొట్టిపారేసింది. నిజమే మరి, ఆమెకు చేతనవును! అందరూ టేపు అంటించి పొరలు లాగుతారు, రజిని మాత్రం పలకరాయిని చీల్చినట్టే సన్నటి ఉక్కు ఉలితో ఒక్క దెబ్బలో తీస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో ఈ షెడ్డులోనే, నాయనతో పనిచేసిన గోవిందయ్య దగ్గర నేర్చుకుంది.

ఆ ఉలి అరిగిపోయింది. కొత్తది తీసుకుపోదామని వచ్చింది.

గోవిందయ్య పాత ఉలి అంచుని బొటనవేలితో తడిమాడు.

"ఏంది పాపా, ఇంత అరగదీసినావు? కొండను చీల్చినావా ఏంది?"

"గోరంత రాయే పెదనాయనా. చీల్చే ముందర ప్రతిసారీ సాన పడతా."

"పట్టాల్సిందే. సాన పట్టినాక మొదట ఊడే పొర, ఆ మొదటి రేకు పారేస్తాండావు గదా?"

"మొదటి రేకు ఎందుకు పారేయాల?"

"ఓర్నాయనో, ఇంత సదువు సదివి! సాన పట్టినాక ఇనప పొడి అంచుకే అంటుకోనుంటాది. ఎంత తుడిచినా పోదు, మొదటి రేకుకే ఎక్కుతాది. ఆ రేకుతో పలక చేస్తే నాలుగు దినాల్లో తుప్పు మచ్చలు లేస్తాయి. నీకు చెప్పినా గదా?"

"చెప్పలేదు."

పక్కన పలకలకు చట్రాలు బిగిస్తున్న పాపమ్మ నవ్వింది. "నువ్వా, చెప్పేది? పిల్లకు చుట్టలు తెమ్మని చెప్పినావు, అంతే!"

రజిని ల్యాబులో ఎప్పుడూ మొదటి రేకునే కొలిచేది. అంచు పదునుగా ఉన్నప్పుడే రేకు అద్దంలా వస్తుంది కదా, అందుకని! కంటికి కనబడనంత ఇనుము చాలు, రేకు అయస్కాంతమేనన్నట్టు యంత్రం గీత పైకి లేస్తుంది.

ఏడుపు వస్తుందేమో అని చూసింది. రాలేదు. భయమూ వేయలేదు. పాపమ్మ ఇచ్చిన టీ తాగింది, అందులో చక్కెర ఉందో లేదో తెలియలేదు. బయటికొచ్చి బుష్రాకు ఫోన్ చేసింది. బుష్రాది కంభం, ఆరేళ్లుగా రజిని దగ్గరే పరిశోధన. సోమవారం థీసిస్ ఇస్తే ఒక కాలేజీలో ఉద్యోగం ఖాయం. ఆ థీసిస్ మొత్తం ఈ రేకుల మీదే.

"బుష్రా, ఒక ముక్కని గాజు అంచుతో చీల్చి కొలువు." గాజుతో చీలిస్తే ఇనప పొడి అంటదు, రేకు నిజంగా అయస్కాంతమైతే గీత అప్పుడూ లేవాలి.

"ఇప్పుడా మేడం? బైండింగుకు కూడా ఇచ్చేసినా!"

"కొలువు."

రజిని మార్కాపురం రోడ్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుంది. రైలు వచ్చింది, జనం ఎక్కారు, రైలు పోయింది. తను ఎక్కాల్సిన రైలు అదేనని కాసేపయ్యాక గుర్తొచ్చింది. అయ్యో అని కూడా అనిపించలేదు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"ఏం రాలేదు మేడం, గీత చదునుగా పడుకుంది. మూడుసార్లు చూసినా. గాజుతో సరిగ్గా చీలినట్టు లేదులెండి." బుష్రా గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది. "మా అమ్మీ అప్పుడే వీధంతా చెప్పేసింది మేడం, నా బిడ్డ డాక్టరయిందని. నిన్న ఒకామె మోకాళ్ల నొప్పులకు మందు రాయమని వచ్చింది!"

రజిని నవ్వబోయింది.

"మేడం, ఉన్నారా? ఈ కొలత పక్కన పడేద్దునా? సోమవారం ఇచ్చేద్దునా?"

ఇనుము సంగతి చెబితే బుష్రా ఆరేళ్లు, తన పదకొండేళ్లు ఈ బెంచీ మీదే అయిపోతాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఉలితో స్ఫటికం చీల్చేవాళ్లు ఇంకెవరూ లేరు. బుష్రా ఇంకా ఫోన్లోనే ఉంది, "హలో, హలో" అంటోంది.

మీరైతే ఆ పిల్లకి ఏం చెబుతారు?