చిన్నప్ప వేళ్లు

చిన్నప్ప బ్యాటరీ కొన నుంచి తీగ విప్పి, దాని చివరను మళ్లీ ఆ కొనకే తాకించి తీశాడు. మోటారు సైకిలు మీద మీటలన్నీ కట్టేసి ఉన్నాయి. లోపల ఎక్కడైనా తీగ ఒరుసుకుపోయి కరెంటు కారిపోతుంటే ఇక్కడొక చిన్న నిప్పురవ్వ రాలాలి. రాలలేదు. రాలినా తన కళ్లకు కనిపించేదా అన్న అనుమానం వచ్చి, చెవి దగ్గరగా వంచి ఇంకోసారి తాకించాడు. చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

కొట్టులోని మంచి బ్యాటరీ ఒకటి పెట్టి చూస్తున్నాడు. బండి యజమాని బ్యాటరీ లోపల బల్ల మీద ఉంది. దాన్ని నిన్నంతా చార్జింగులో పెట్టి, సాయంత్రం తీగలు తీసేసి, ఒంటరిగా వదిలిపెట్టాడు.

మాచర్ల స్టేషను రోడ్డులో యల్లమంద బ్యాటరీల కొట్టంటే రేకుల పంచ, దాని వెనక ఒక గది. పంచ నీడలో కారంపూడి రైతు వీరాంజనేయులు టీ తాగుతున్నాడు. ఎడమ మోచేతికి గుడ్డకట్టు. ఈ బండితో ఆయన రావడం ఇది మూడోసారి. మొదటిసారి డైనమోలో అరిగిన బొగ్గుముక్కలు మార్చి పంపాడు చిన్నప్ప. రెండోసారి డైనమో కరెంటును బ్యాటరీకి కలిపే కటౌట్ గీకి శుభ్రం చేశాడు. రెండుసార్లూ "ఇంక ఢోకా లేదయ్యా" అన్నాడు. నాలుగు రోజుల కిందట చీకటిపడ్డాక పొలం నుంచి వస్తుంటే దారిలో దీపం ఆరిపోయి, ఆయన బండితో సహా గుంటలో పడ్డాడు.

"ఏందయ్యా చిన్నప్పా, ఇంకా నాడి చూస్తానే ఉండావా? పిల్లకి సంబంధం చూసినా ఇంతసేపు పట్టదు గదయ్యా."

"చూడాలయ్యా. రెండుసార్లు నోరు జారినా."

లోపలినుంచి యల్లమంద కేకేశాడు. "ఆంజనేయులుగారూ, మీరు పడ్డ గుంట కులాసానేనా?"

"దానికేందయ్యా, దున్నపోతులాగా ఉంది. నా చెయ్యే పాపిష్టిది."

ఇద్దరూ నవ్వారు. చిన్నప్ప నవ్వలేదు. అతని చూపు ఆ గుడ్డకట్టు మీదికి పోయి, అక్కణ్నుంచి తప్పించుకుని మళ్లీ బండి మీదికి వచ్చింది.

రేపు పొద్దున అతను ఈ పని మానేసి నూజెండ్లలో బడిపంతులమ్మగా ఉన్న కూతురు జీవరత్నం దగ్గరికి వెళ్లిపోతున్నాడు. యాసిడు ఆవిరికి దగ్గు ముదిరిందని అందరికీ చెప్పాడు. దగ్గు ఉన్నమాట నిజమే. వెళ్లడానికి కారణం మాత్రం అది కాదు. ఏడాదిగా కళ్ల ముందు పాలపొర లాంటిదేదో కమ్ముతోంది. యాసిడు బలం చూసే గాజుగొట్టంలో గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. బుడగల చప్పుడు విని, బ్యాటరీ ఒంటివేడిని అరచేత్తో చూసి, అలవాటు మీద నెట్టుకొచ్చాడు. ఒక్క విషయం దాచిన మనిషికి తను చేసిన ప్రతి పనీ అనుమానంగానే ఉంటుంది. ఆ గుంటలోకి ఆయన్ని తోసింది చీకటా, తన కళ్లా? అది తేలకుండా రేపు బస్సెక్కితే, కూతురింట్లో తిన్న ముద్ద గొంతు దిగదని అతనికి తెలుసు.

బండి స్టార్టు చేయించాడు. దీపం వేయించి, అద్దం ముందు అరచెయ్యి పెట్టాడు. ఇంజను వేగం పెంచిన కొద్దీ చేతికి వెచ్చదనం పెరిగింది.

"మీటరులో ముల్లు ఎటు పోతందో చూడండయ్యా."

"చార్జి ఎక్కే వైపే పోతంది."

డైనమో మంచిది. కటౌట్ మంచిది. తీగల్లో కారడం లేదు. బండిలో ఏ దోషమూ లేదు. చిన్నప్ప లేచి, మోకాళ్లు సర్దుకుని, లోపలికి నడిచి బల్ల మీది బ్యాటరీకి చిన్న బల్బు తగిలించాడు. నిన్న సాయంత్రం కళకళలాడిన బల్బు ఇప్పుడు చుట్ట చివరి నిప్పులా ఎర్రగా మూలిగింది. ఏ తీగా తగిలించకుండానే, ఎవరూ వాడకుండానే, తెల్లారేసరికి లోలోపలే దిగిపోయింది.

ఏడాది కూడా నిండని బ్యాటరీ. ప్లేట్లు అప్పుడే చెడవు.

"అయ్యా, నేనిచ్చిన సీసాలో నీళ్లేగా పోస్తా ఉంది?"

"ఆ. నీళ్లే."

ఆ జవాబు నచ్చక అతను నోరు వెడల్పాటి గాజుసీసా ఒకటి తెచ్చాడు. మూతలు తీసి, బ్యాటరీని రెండు చేతులా ఎత్తి, మెల్లగా వంచి, లోపలిదంతా అందులోకి ఒంపాడు. కాసేపు అలాగే చూశాడు. మసకగా ఏదో అడుగుకు దిగుతోందని మాత్రమే తెలుస్తోంది. బ్యాటరీ మూతుల అంచున చేతికి తగిలేంత మడ్డి మిగిలితే, దాన్ని బొటనవేలితో చూపుడువేలితో తీసి నలిపాడు.

సీసం మడ్డి కాటుకలాగా జారుతుంది. ఇది జారలేదు. వేళ్ల మధ్య సన్నగా గరగరమంది.

చిన్నప్ప వేళ్లు ఆగిపోయాయి. యాసిడుకు మొద్దుబారి, గోళ్లు పసుపెక్కిన వేళ్లు. వాటికి అంతకుముందొక చదువుంది. అతని తండ్రి బావులు తవ్వేవాడు. సున్నపురాతి పలకల కింద చెమ్మ తగిలే దాకా తట్టలు మోస్తూ, ఏ మన్ను ఏ ఊరిదో చేత్తో నలిపి చెప్పడం నేర్చాడు చిన్నప్ప. ఇది కారంపూడి నల్లమట్టి కాదు. నాపరాతి పొడి కాదు. ఇది ఎక్కణ్నుంచో నీళ్లతో దొర్లి దొర్లి అంచులు అరిగిన ఏటి ఒండ్రు.

బయటికొచ్చాడు. "అయ్యా, ఇందులో కాలవ నీళ్లు పోశారా?"

వీరాంజనేయులు టీ గ్లాసు కింద పెట్టాడు. పంచెను అనవసరంగా సర్దుకున్నాడు.

"అదీ... సాగర్ నీళ్లు మా ఊరి కాలవకి మొట్టమొదట వచ్చిన రోజు ఊరంతా బిందెలు పట్టుకుని ఉరికాం. మా అమ్మ సీతమ్మ పసుపూ కుంకుమా ఏసి దణ్ణం పెట్టి, ఆ నీళ్లు విత్తనాల మీద చల్లింది, ఎద్దుల మీద చల్లింది, గడపకి చల్లింది. ఆకరికి బండి దగ్గరికొచ్చి, దీనికి నీళ్లు ఎక్కడ పోస్తార్రా అంది. చెప్పా. దానికి మాత్రం దాహం ఉండదా, పొయ్యరా అంది."

"పోశారు."

"పోశా. అప్పణ్నుంచి ప్రతి శుక్రవారం ఆమే పోస్తంది. నీ సీసా నీళ్లు గూట్లో అట్టనే ఉండయి. ఆమె మాట కాదంటే నాకు కూడు పెట్టదయ్యా."

గదిలోంచి వచ్చిన యల్లమంద తలుపు పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. "ఓరి నాయనో! బ్యాటరీకి శుక్రవారం తీర్థం!"

"నవ్వమాక అబ్బాయ్," అన్నాడు చిన్నప్ప. "అయ్యా, ఆ నీళ్లలో ఇనుమూ ఉప్పూ ఉంటయి. మనుషులకి మంచియ్యే. దీనికి మాత్రం లోపల్లోపల తినేస్తయి. అందుకే మేం వాననీళ్లు గుడ్డల్లో పట్టి దాచుకునేది. అమ్మగారితో చెప్పండి, దీనికి దాహం లేదని కాదు, ఒంటికి పడదని."

ఆ గుంట తన కళ్లు తవ్వింది కాదు. గుండె మీంచి బండరాయి దొర్లినట్టయింది. "దేవా, నీకు స్తోత్రం" అని పెదాల్లోనే అనుకున్నాడు. అనుకోగానే ఇక దాచుకోవలసింది ఏమీ లేదనిపించింది.

"యల్లమందా, నేను మానుకుంటంది దగ్గు వల్ల కాదురా. కళ్లు కనపడటంలా. ఏడాదయింది. నీకు చెప్పలా."

యల్లమంద నవ్వు ఆపాడు. మెడ వెనక గోక్కున్నాడు.

"తెలుసులే బాబాయ్. సాయంత్రం నువ్వు ఇంటికి పోయినాక అన్నిట్లో గొట్టం పెట్టి మళ్లీ నేను చూసుకునేవాణ్ని."

"మరి చెప్పలేదేరా?"

"ఏం చెప్పేది? లెక్క ఒకటీ అరా తేడా వచ్చేది. జబ్బేందో పట్టుకునేది మాత్రం నువ్వే. ఇప్పుడు చూడు, కళ్లున్నోణ్ని నేను పట్టానా దీన్ని?"

చిన్నప్పకు ముందు సిగ్గేసింది. దొంగతనం బయటపడ్డ పిల్లవాడిలా చెవులు వేడెక్కాయి. కానీ ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. ఏడాది పాటు ప్రతి సాయంత్రం తను దిగులుగా నడిచి వెళ్లిన దారి గుర్తొచ్చింది. ఆ వేళప్పుడే ఇక్కడ ఒక మనిషి, మాట పైకి రానివ్వకుండా, తన వెనక తన పనికి కాపలా కాశాడు. ఒంటరిగా మోశాననుకున్న బరువుకు అవతలి కొసన ఇంకొక చెయ్యి ఉంది. యల్లమంద భుజం మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచాడు.

వీరాంజనేయులు లేచి బండి దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, నువ్వు కాలవ చూశావా?"

"లేదయ్యా. డ్యాం కట్టేప్పుడు లారీల షెడ్డులో చేశా. ఈ పని అక్కడే నేర్చుకున్నా. నీళ్లు వచ్చేసరికి ఇక్కడున్నా."

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే ఎక్కు. పగలు దీపంతో పనేముంది, నా బ్యాటరీ ఇక్కడే ఉంచినా బండి నడుస్తంది. మా అమ్మకి ఆ దాహం మాట నీ నోటితోనే చెబుదువు, నేను చెబితే తంతది. కాలవ చూసి, అన్నం తిని, రాత్రికి పడుకో. పొద్దున్నే నూజెండ్ల చేర్చే పూచీ నాది."

చిన్నప్ప యల్లమంద వైపు చూశాడు. మొహం సరిగా ఆనలేదు.

"పో బాబాయ్," అన్నాడు యల్లమంద. "కళ్లు పూర్తిగా పోకముందే చూసిరా."

చిన్నప్ప పక్కవీధిలోని తన గదికి పోయి సంచీ తెచ్చుకున్నాడు. రెండు పంచెలు, ఒక దుప్పటి, బైబిలు. వచ్చాక చేతులకంటిన యాసిడు పోయేలా వంటసోడా నీళ్లతో కడిగి, తువ్వాలుతో తుడుచుకున్నాడు. బల్ల మీదున్న ఒక్కో బ్యాటరీని అరచేత్తో తట్టాడు. పశువుల కొట్టంలోంచి బయటికి వచ్చే మనిషి తట్టినట్టే. వెనకసీటు మీద కూర్చుని, రైతు నడుం పట్టుకోవడానికి మొహమాటపడి, సీటు అంచు పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోవయ్యా, మళ్లీ గుంటలో పడితే ఈసారి నిందంతా మా అమ్మ మీదికి పోద్ది."

"బ్యాటరీలో వాననీళ్లే పొయ్యిరా అబ్బాయ్," అని కేకేశాడు చిన్నప్ప. ఇంకా ఏదో అన్నాడు కానీ, ఇంజను మోతలో అది వినబడలేదు. బండి స్టేషను మలుపు తిరిగింది. చాలాసేపటి దాకా దాని చప్పుడు కారంపూడి రోడ్డు వైపు నుంచి వినిపిస్తూ, తర్వాత మామూలు సందడిలో కలిసిపోయింది.

యల్లమంద లోపలికొచ్చి బల్ల తుడవడం మొదలుపెట్టాడు. గాజుసీసాను పారబోయడానికి ఎత్తి, వెలుతురుకు పట్టుకుని చూసి, మళ్లీ కిటికీ గూట్లో పెట్టాడు. యాసిడు తేరుకుని, పైన నీరంతా అద్దంలా నిలిచింది. అడుగున, నల్లటి సీసం మడ్డి మీద, కృష్ణ ఒండ్రు వేలెడంత కూడా లేని సన్నటి పొరగా, లేత ఎరుపులో మెరుస్తోంది.