శేషుకుమారి మాత్రలు

మూడేళ్ళపాటు శేషుకుమారికి మతిమరుపు మాత్రలు ఒక్క పూట తప్పకుండా, ఒక్కటి ఎక్కువ కాకుండా వేసినవాడు ఆమె భర్త సుబ్బరాజు. ఆమె పోయి ఎనిమిది నెలలు తిరక్కుండానే, ఏ మాత్ర ఎవరిదో తెలీని ముసలాడని, పరాయి దేశంలో వాళ్ళుండే పేట పాయింట్ కుక్‌లో ఉన్న తెలుగువాళ్ళంతా ఆయన మీద ముద్ర వేశారు. వేయించినవాడు సొంత కొడుకు శ్రీపతి.

మనవరాలు అపూర్వ పన్నెండో తరగతి. అది డాక్టరు కావాలని తల్లి సుమ ఎప్పుడో తేల్చేసింది. వంటింట్లో ఒక అలమర మొత్తం దాని బుర్ర కోసమే. చేపనూనె గోలీలు, సరస్వతి ఆకు క్యాప్సూల్స్, నీళ్ళలో కలుపుకునే నారింజరంగు పొడి, నిద్ర రాకుండా చప్పరించే బిళ్ళలు. అందులో సగం శ్రీపతి స్నేహితుడు నాగభూషణం సలహా. అతనిది కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారం వస్తే మాత్రం పిల్లల మెదళ్ళ మీద ఉపన్యాసం. ఏ క్యాప్సూల్ వేస్తే తన కొడుక్కి ఎన్ని మార్కులు పెరిగాయో తడుముకోకుండా చెబుతాడు.

సుబ్బరాజు ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, భీమవరం పక్కన ఇరవై ఎనిమిదేళ్ళు రొయ్యల చెరువులు చేశాడు. మందుల కంపెనీ ఏజెంట్లు ఇలాగే వచ్చేవారు. ఈ పొడి చల్లండి, మేత బాగా తింటాయి. ఈ సీసా పొయ్యండి, నెల ముందే పట్టుబడికొస్తాయి. నమ్మి చల్లినవాళ్ళ చెరువుల్లో రొయ్యలు తెల్లారేసరికి చచ్చి గట్టుకి కొట్టుకొచ్చేవి. అప్పటికి ఏజెంటు పక్క ఊళ్ళో ఉండేవాడు.

"నేను రొయ్యలకి కూడా ఇన్ని వెయ్యలేదమ్మా," అన్నాడొకసారి.

"మీ కాలం వేరు మావయ్యగారూ. ఇక్కడ కాంపిటీషన్ ఎలా ఉంటుందో మీకు తెలీదు," అంది సుమ.

"తెలీదు. పరీక్ష రాసేది పిల్లో పొడో కూడా తెలీడం లేదు."

అపూర్వ ఫక్కున నవ్వింది. సుమ నవ్వలేదు.

అక్టోబరు మొదట్లో, స్కూల్లో నమూనా పరీక్ష రోజు పొద్దున్న, అపూర్వ రెండుసార్లు వాంతి చేసుకుని బాత్రూమ్ గుమ్మంలో కూలబడిపోయింది. ఒళ్ళంతా చల్లటి చెమట. సుమ గ్లూకోజ్ కోసం పరిగెత్తింది. సుబ్బరాజు వంగి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చాలా ఖాళీ ఉంది. ఇలాంటి నాడి ఆయన ఒక్కసారే చూశాడు. భీమవరం డాక్టరు శేషుకుమారికి మోతాదు పెంచిన వారంలో.

తిన్నగా తన గదిలోకి వెళ్ళి, బీరువా మీదున్న ఆమె హ్యాండ్‌బ్యాగ్ దించాడు. ఇండియా నుంచి వచ్చే అందరిలాగే వాళ్ళూ ఏడాదికి సరిపడా మందులు పెట్టెలో తెచ్చుకున్నారు. ఆమె పోయాక మిగిలినవి పారెయ్యడానికి మనసొప్పలేదు. ఎనిమిది అట్టలుండాలి. ఐదే ఉన్నాయి. ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళి కారులో కూర్చున్నాడు.

వెర్రిబీ ఆసుపత్రిలో నర్సు అడిగింది, పిల్ల ఏమైనా మందులు వాడుతోందా అని.

"ఓన్లీ విటమిన్స్," అంది సుమ.

శ్రీపతి తలూపాడు. సుబ్బరాజు జేబులోంచి అట్ట తీసి నర్సు ముందు పెట్టాడు.

"షీ ఈట్ దిస్. మై వైఫ్ టాబ్లెట్. త్రీ షీట్ గాన్."

ఆ ఇంగ్లీషు చాలింది. నర్సు అట్ట మీద పేరు చదివి, లేచి పిల్లని లోపలికి తీసుకుపోయింది. మరుక్షణం దాని గుండె మీద తీగలు అంటించారు. తెలివి వచ్చాక అపూర్వే డాక్టరుతో ఒప్పుకుంది. ఆ మాత్ర జ్ఞాపకశక్తికి మంచిదని నెట్‌లో చదివిందట. మొదట రోజుకొకటి, తర్వాత మూడు.

రెండు రోజులుంచుకుని పంపించారు. ఇంటికొచ్చిన సాయంత్రం శ్రీపతి తండ్రి గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాన్నగారూ, ఎవరైనా అడిగితే మీరు పొరపాటున దాని డబ్బాలో అమ్మ మాత్రలు కలిపేశారని చెబుదాం. మీ వయసుకి ఎవరూ ఏమీ అనుకోరు. దానికైతే మచ్చ ఉండిపోతుంది."

"చెబుదామా, చెప్పేశావా?"

శ్రీపతి గోడ వైపు చూశాడు. "నాగభూషణం ఫోన్ చేశాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

ఆ ఆదివారం నాగభూషణం కుటుంబంతో సహా భోజనానికి వచ్చాడు. వస్తూ సుబ్బరాజుకో కానుక తెచ్చాడు. ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ మాత్రల పెట్టె.

"ఏమీ అనుకోకండి అంకుల్. రోజుకో గడి. మా మదర్‌కీ ఇదే కొన్నాను. ఈ ఏజ్‌లో కామన్."

సుబ్బరాజు దాన్ని తిప్పి చూశాడు. "మీ అబ్బాయి పొద్దున్న మింగేవి ఇందులో పడతాయా?"

"చాలదు అంకుల్!" అని నాగభూషణం గట్టిగా నవ్వాడు. తననే అన్నాడని వాడికి తట్టనేలేదు.

అపూర్వ బజ్జీల ప్లేటు పట్టుకుని అక్కడే ఉంది. సుబ్బరాజు దాని వైపు చూశాడు. అది నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఇంగ్లీషులోనైనా సరే. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చునేదాకా ఆగాడు. అది ప్లేటు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

"దానికింకా నీరసం," అంది సుమ.

వాళ్ళు వెళ్ళాక అపూర్వ ఆయన గది గుమ్మంలోకి వచ్చింది.

"సారీ తాతయ్యా. రిజల్ట్స్ రానీ, ఐ విల్ టెల్ ఎవ్రీవన్. ప్రామిస్."

"మీ మామ్మ ఆ మాత్రలు మూడేళ్ళు వేసుకుంది. ఆఖర్న నన్ను మేత బస్తాలు మోసేవాణ్ణనుకుంది. టీ తాగి వెళ్ళు బాబూ అనేది. నువ్వు పక్కనే ఉన్నావు. అంతా చూసి అవే మింగావు. డాక్టరు చదివే బుర్ర నీది."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "పోనీ మీరే చెప్పండి. ఐ వోంట్ డినై ఇట్."

"చెప్పాల్సినచోట చెప్పాను. అది నీ ప్రాణం గనక. ఇది నా పేరు. దీనికోసం మీ నాన్న ముందు, ఆ నాగభూషణం ముందు నోరు విప్పి సంజాయిషీ ఇచ్చుకోను. అంత విలువ వాళ్ళకి లేదు. ఇందాకటిదాకా నీకుండేది."

"తాతయ్యా..."

"వెళ్ళు. ఈ మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నువ్వెత్తినా, మీ నాన్నెత్తినా, నేను చచ్చేదాకా పలకను."