శవానికి దురదేంటి

పొద్దున కళ్ళు తెరిచేలోపే త్రినాథరావును తిట్టుకోవడం వెంకటనర్సయ్యకు అలవాటు. తిట్టుకోకుండా తెరిస్తే ఆ రోజు ఇంకేదో మూడుతుందని అతని అనుమానం. అసలు అతని కళ్ళు వాటంతట అవి తెరుచుకోవు. రాత్రంతా ఎండి రెప్పలు గుడ్లకు అతుక్కుపోతాయి. తొందరపడ్డాడా, గరుకు కాగితం పెట్టి గీకినట్టే. అందుకని మంచం పక్కన స్టూలు మీద కాచి చల్లార్చిన నీళ్ళ గిన్నె, అందులో ఒక మెత్తటి గుడ్డ ఉంటాయి. గుడ్డివాడిలా చెయ్యి చాపి, గుడ్డ పిండి కళ్ళ మీద వేసుకుని, ఆ తడి లోపలికి దిగేదాకా వెల్లకిలా పడుకుని మొదలుపెడతాడు.

"త్రినాథరావూ, నీ కండ్లల్ల మన్నువడ."

ఆ తరవాత చుక్కల మందు. చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసా. కుడి కంట్లో ఒకటి, ఎడమ కంట్లో ఒకటి. చుక్క పడగానే మంట, మంట వెనక చల్లదనం, అప్పుడు గోడ మీద బల్లి కనపడుతుంది. ఆ వెనక మోకాళ్ళు. వాటిని కాసేపు రుద్ది బతిమాలితే తప్ప మంచం దిగనివ్వవు.

త్రినాథరావు ప్రొడక్షన్ మేనేజరు. పదకొండేళ్ళ కిందట కన్నడ దేశం అడవుల్లో ఒక రాజుల సినిమా తీశారు. యుద్ధం ముగిసిన మైదానం, మోకాలెత్తు గడ్డి, అందులో కృష్ణానగర్ నుంచి బస్సుల్లో తోలుకెళ్ళిన జూనియర్ ఆర్టిస్టులు శవాలై పడి ఉన్నారు. నర్సయ్య బోర్లా పడ్డ శవం. హీరోగారు శవాల మధ్య నడుస్తూ తమ్ముణ్ణి వెతుక్కుంటున్నాడు. ఆ నడక దర్శకుడికి ఎంతకీ నచ్చలేదు. చంక కింద ఏదో కుట్టింది. నర్సయ్య భుజం కదిలించాడు.

"ఎవడయ్యా కదిలింది?" అని మైకులో త్రినాథరావు గొంతు. "దురద సార్" అన్నాడు నర్సయ్య గడ్డిలోంచే. "శవానికి దురదేంటయ్యా? ఇంకోసారి కదిలావంటే కూలి కట్." శవాలన్నీ కిసుక్కున నవ్వాయి. నర్సయ్య మళ్ళీ కదల్లేదు. పొద్దుగూకాక నీళ్ళు పోసుకుంటుంటే చేతికి ఉలవగింజంత పిడుదు తగిలింది. చిన్నప్పుడు బర్రెల పొదుగుల నుంచి పీకినట్టే పీకి పారేశాడు. బర్రెలకు పట్టేది మనిషిని ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

సినిమావాళ్ళకు ఒక ఆచారముంది. శవంగా పడుకున్న నటుణ్ణి అలాగే ఇంటికి పంపరు. లేపి కూర్చోబెట్టి, కెమెరాలోకి చూసి నవ్వమంటారు. దాన్ని నవ్వు షాటు అంటారు. అది పడితే చావు దిష్టి పోయినట్టు. ఆ రోజు గడ్డిలో పడుకున్నవాళ్ళకు నవ్వు షాటు తియ్యలేదు. "వెలుతురు పోయింది, ఇంతమంది పళ్ళికిలించేసరికి తెల్లారుతుంది" అని త్రినాథరావే ప్యాకప్ చెప్పించాడు. నర్సయ్య లెక్కలో పిడుదు సగం తప్పు, ఆ నవ్వు లేకపోవడం సగం తప్పు. రెండింటికీ ముద్దాయి ఒకడే.

జ్వరం వచ్చింది, పోయింది. మోకాళ్ళు కుండల్లా ఉబ్బాయి. కొన్నాళ్ళు మొహం ఒక పక్కకు జారిపోయింది. ఒక డాక్టరు నరాలన్నాడు, ఒకడు కీళ్ళవాతమన్నాడు, ఒకడు మందు మానెయ్యమన్నాడు. జన్మలో తాగని మనిషికి ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అన్నీ తిరిగాక ఒక కుర్ర డాక్టరు, "ఎప్పుడైనా అడవి గడ్డిలో పడుకున్నారా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న దాకా రావడానికి ఊళ్ళో ఉన్న ముప్పై రెండు గుంటల మెట్ట చెలక మొత్తం అమ్ముడుపోయింది. మందు పడ్డాక మొహం సర్దుకుంది, మోకాళ్ళు సగానికి వచ్చాయి. ఒళ్ళు మాత్రం నెలకోసారైనా ఉన్నట్టుండి చచ్చుబడుతుంది. కళ్ళల్లో నీళ్ళు ఊరే చోటు ఎండిపోయింది. "చుక్కలు వేసుకుంటూ ఉండాల్సిందే. పొగ, దుమ్ము, ఏసీ, గ్లిజరిన్, వీటి జోలికి పోవద్దు" అన్నాడు కళ్ళ డాక్టరు.

"గవి నాలుగు కలిస్తెనే గద సార్ మా సిన్మా" అన్నాడు నర్సయ్య.

ఇందులో అసలు దెబ్బ ఎక్కడ తగిలిందంటే, అతను ఏడుపు నర్సయ్య. చావు సీనుంటే కోఆర్డినేటర్లు ముందు అతన్నే పిలిచేవారు. గ్లిజరిన్ అక్కర్లేదు. యాక్షన్ అంటే నీళ్ళు, కట్ అన్నాక ఇంకో రెండు చుక్కలు. అంత ఏడ్చీ ఎప్పుడూ వెనక వరసే. తెర మీద అతని కన్నీళ్ళు మసకలో మసక. ఒక్క క్లోజప్ పడలేదు. కళ్ళు ఎండిన సంగతి ఎవరికీ చెప్పలేదు. వెనక వరసలో భుజాలు ఎగరేస్తే చాలు, ఏడ్చినట్టే.

నిన్న ఫోన్ చేసింది ఆ త్రినాథరావే.

"నర్సయ్యా, రేపు జూబ్లీహిల్స్ బంగళాలో చావు సీను. పాతికేళ్ళ నుంచి ఇంట్లో పనిచేసిన వంటవాడు, యజమాని శవం చూసి ఏడవాలి. క్లోజప్పయ్యా. గ్లిజరిన్ లేకుండా ఏడ్చేవాడివి నువ్వొక్కడివేగా."

ఏడవలేనని చెప్పాల్సింది. నోరు మాత్రం "వస్త సార్" అంది. క్లోజప్ అన్న మాటకు అది మొహం వాచి ఉంది.

కృష్ణానగర్ సందు చివర ఉదయశ్రీ ఆటోలో చోటు పట్టి కూచుంది. ఆమె కూడా జూనియర్ ఆర్టిస్టే. సిద్దిపేట పక్క మనిషి, నోరు పెద్దది. ఎన్నో సినిమాల్లో అతనికి పెళ్ళాం. సెట్లో మొగుడు, ఆటోలో అన్న.

"నల్లద్దాలు పెట్టినవ్, హీరో అయినవా ఏందన్నా?"

"ఎండ."

"ఏడు గాలేదింక. ఎండెక్కడిది? చుక్కలు తెచ్చుకున్నవా?"

నర్సయ్య ఉలిక్కిపడ్డాడు.

"నాకు దెల్వదనుకున్నవా? ఏండ్లసంది నీ పక్కన నిలవడి ఏడుస్తున్న. నీ కండ్లు ఎప్పుడు ఎండినయో నాకు దెల్వదా?" అని ఆమె ఆటో కడ్డీ పట్టుకుని బయటికి చూసింది. "జర చెప్పరాదు గా మేనేజర్‌కు. నొప్పని."

"చెప్తె క్లోజప్ పోతది. క్లోజప్పు పోతె పిలుపే పోతది."

బంగళా హాల్లో ఏసీ చలి, దాని మీద సాంబ్రాణి పొగ, అది చాలదన్నట్టు మిషను పొగ. గేటు దగ్గర దుమ్ము ఎటూ ఉంది. కళ్ళ డాక్టరు వద్దన్నవన్నీ ఎదురొచ్చి స్వాగతం చెప్పాయి. మధ్యలో అద్దె ఫ్రీజర్ బాక్సు. అందులో సీనియర్ నటుడు ఆదినారాయణగారు ముక్కుల్లో దూదితో పడుకుని, షాటుకూ షాటుకూ మధ్య ఫోన్ చూసుకుంటున్నారు.

నర్సయ్యకు ముందే ఒక ఆలోచన ఉంది. సీసాలోని నీళ్ళూ నీళ్ళే కదా. రెండు కళ్ళల్లో నిండుగా పోసుకుని రెప్పలు మూసుకుంటే, యాక్షన్ అన్నప్పుడు తెరిస్తే చాలు. బయట క్రోటన్ కుండీల చాటున పోసుకుని, దేవుణ్ణి తలుచుకుంటున్నవాడిలా కళ్ళు మూసుకుని, ఉదయశ్రీ చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"యాక్షన్" అన్నాడు అసోసియేట్ డైరెక్టరు విహారి. నర్సయ్య కళ్ళు తెరిచాడు. రెండు చెంపల మీదా ధారలు. మానిటర్ దగ్గర ఎవరో అబ్బ అన్నారు. అప్పుడే పొగ మిషను తుస్సుమని కెమెరాకు అడ్డం వచ్చింది.

"కట్. బాబాయ్, అద్భుతం. అదే మళ్ళీ ఇచ్చెయ్యండి వెంటనే."

వెంటనే అంటే ఎక్కణ్ణుంచి ఇస్తాడు. "ఒక్క నిమిషం బాబూ" అని ఉదయశ్రీ వెంట రాగా కుండీల వైపు నడిచాడు. మూత తీస్తుండగా భుజం మీద చెయ్యి పడింది. త్రినాథరావు. జుట్టుకు నల్లరంగు, చేతికి బంగారు గొలుసు.

"ఏంటయ్యా అది?"

"కండ్లకు సార్. ఎండిపోతయి."

"ఎండిపోవడమేంటి? నువ్వు ఏడుపు నర్సయ్యవి కదా."

పదకొండేళ్ళు ప్రతి పొద్దునా పడుకుని తయారుచేసుకున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. వచ్చి ఒక్కటిగా కుదించుకుపోయాయి. "అడవిల పిడుదు కుట్టింది సార్. రాజుల సిన్మాల. మీరే అన్నరు, శవానికి దురదేంటని."

త్రినాథరావు నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిచి, ఆకాశంలోకి చూసి, నిజాయితీగా ఆలోచించాడు. "నేనా? ఏ సినిమా అది?" అన్నాడు.

నర్సయ్య సీసా మూత బిగించాడు. ఇంతకాలం ఎవరి కళ్ళల్లో మన్ను పొయ్యమని దేవుణ్ణి సతాయించాడో, ఆ మనిషికి ఆ తిట్టు చేరే చిరునామాయే లేదు. తిట్టించుకున్నానని కూడా తెలియకుండా హాయిగా జుట్టుకు రంగేసుకుని తిరుగుతున్నాడు.

"సర్లే. మేకప్‌ని పిలవండి, గ్లిజరిన్ పెట్టండి" అన్నాడు త్రినాథరావు.

నర్సయ్య మొహం ముందుకు చాపాడు. క్లోజప్ ఇంకా చేతిలోనే ఉందని ఆశ. మేకప్ మనిషి వేలి కొసతో రెప్పల కింద రాశాడు. పచ్చిమిరపకాయ కోసి కంట్లో పెట్టినట్టయింది. కళ్ళు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. ముక్కు కారింది, నోరు ఊరింది, ఒంట్లో కారగలిగినవన్నీ కారాయి. కళ్ళు మాత్రం కారలేదు.

విహారి మానిటర్ చూసి జుట్టు పీక్కున్నాడు. "బాబాయ్, ఏడవమంటే చంపేసేలా చూస్తున్నారేంటి? యజమాని చచ్చాడని కదా బాధ."

రెండు టేకులయ్యాక దర్శకుడు లేచి వచ్చి, వెనక వరసలోంచి ఒక మీసాలాయన్ని ముందుకు లాగాడు. అతనికి అదే గ్లిజరిన్ రాశారు. కుళాయి తిప్పినట్టు వచ్చాయి. మొదటి టేకే ఓకే. మీసాలాయన క్లోజప్ అయ్యాక నర్సయ్యకేసి చూడలేక, చెప్పులు వెతుక్కునే నెపంతో అటు తిరిగాడు.

భోజనాలయ్యాక ఆదినారాయణగారికి ఇంకో షూటింగుంది. ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. ఆయన కెమెరాలోకి చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వారు. అందరూ చప్పట్లు కొట్టారు. త్రినాథరావు దగ్గరుండి కొబ్బరికాయతో దిష్టి తీయించి కారు దాకా సాగనంపాడు. వెనక్కి వచ్చి హాలంతా చూశాడు.

"వైడ్ షాట్లకి డూపు కావాలి. నర్సయ్యా, నువ్వు పడుకో. మొహం కనపడదు, దండలు కప్పేస్తాం. కూలి పోకుండా ఉంటుంది, ఏమంటావ్?"

నర్సయ్య పెట్టెలోకి ఎక్కి పడుకున్నాడు. ముక్కుల్లో దూది పెట్టారు. "శవం పిడికిలి బిగించకూడదు బాబాయ్" అన్నాడు విహారి. పిడికిట్లో ఉన్న సీసాను నర్సయ్య నడుం పక్కన తెల్లగుడ్డ కిందికి తోశాడు. కళ్ళు మూసుకున్నాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి వాటికి కాస్త హాయనిపించింది.

"ఈ షాటుకి సౌండ్ లేదు. ఆడవాళ్ళు ఏదో ఒకటి అంటూ గట్టిగా ఏడవండమ్మా" అని విహారి అరిచాడు.

ఉదయశ్రీ బాక్సు మీద పడింది. మాటలు కట్టి ఏడవడం ఆమె తల్లి దగ్గర నేర్చిన విద్య.

"పచ్చగడ్డిల పండవెట్టిరి గదా నా అయ్యో. పురుగు గుడితె గోక్కోనియ్యకపాయిరి నా అయ్యో. కండ్లల్ల నీళ్ళు ఇంకిపాయె, చెలక డాక్టర్ల పాలాయె. క్లోజప్పు మీసాలోడు ఎత్తుకపాయె గదా నా అయ్యో. నల్లరంగేసుకున్న పెద్దమనిషి గీడనే నిలవడె, యాదికి లేదంటడు నా అయ్యో."

నర్సయ్య రెప్ప సందులోంచి చూశాడు. త్రినాథరావు కెమెరా పక్కన నిలబడి, "ఏం ఏడుస్తోందిరా ఈవిడ" అని జేబురుమాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. ఎంత సులువుగా వచ్చాయో ఆ మనిషికి నీళ్ళు. చుక్క మందు లేదు, గ్లిజరిన్ లేదు. ఆ కళ్ళే చూస్తూ శవం పళ్ళు కొరుక్కుంది.

షాటు ఓకే అయింది. నర్సయ్య లేచి ముక్కుల్లో దూది తీసుకుంటుంటే ఉదయశ్రీ కొంగు దోపి త్రినాథరావుకు అడ్డం నిలబడింది.

"సార్, మా అన్నకు నవ్వు షాటు తియ్యుండ్రి."

"డూపుకి నవ్వు షాటేంటమ్మా? మొహమే పడలేదు కదా."

"మొహం పడకుంటె మనిషి కాదా?"

"వెలుతురు పోతోంది. జరగమ్మా." మాట అదే, గొంతు అదే. నర్సయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

గేటు బయట, ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డు మీద ఇద్దరూ నిలబడ్డారు. అతను నల్లద్దాలు పెట్టుకున్నాడు.

"రేపటిసంది నాకు పిలుపు పెట్టొద్దని కోఆర్డినేటర్‌కు చెప్పు" అన్నాడు.

"ఏమాయె?"

"వనపర్తి దిక్కు అక్క ఉన్నది. బర్రెలు కాయనీకి మనిషి లేడని మొత్తుకుంటున్నది. రాత్రి బస్సుకు పోత."

"బర్రెలా? మళ్ళ పిడుదులుంటయి కదన్నా."

"ఉండనీ. గాడ గోక్కోనిస్తరు."

ఉదయశ్రీ పెదవి బిగపట్టింది గానీ ఆగలేదు. ఆమె నవ్వు చూసి అతనికీ వచ్చింది, లోపల ఎక్కడో పదకొండేళ్ళ నుంచి ఇరుక్కున్నది. కళ్ళు మండుతున్నా నవ్వాడు.

"ఇగో, నవ్వినవ్. పాయె దిష్టి" అని ఆమె తన బస్సు వచ్చిందని వెనక్కి చూడకుండా ఎక్కేసింది.

వనపర్తి బస్సు పట్టుకోవడానికి నర్సయ్య ఎక్కిన సిటీ బస్సు షేక్‌పేట దాటాక కళ్ళు గుచ్చుకోవడం మొదలుపెట్టాయి. నర్సయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. సంచి తడుముకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. బస్సు దిగలేదు.

బంగళాలో ఫ్రీజర్ బాక్సును ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. అద్దె పెట్టె, రేపు ఏ ఇంటికో నిజం శవానికి పోతుంది. అందులో ఒక మూల, నలిగిన తెల్లగుడ్డ కింద, చిటికెన వేలంత సీసా. అడుగున నాలుగు చుక్కలు. ముప్పై రెండు గుంటల చెలకలో మిగిలిన తడి అది.