కణం గడప దాటిన ఎంజైము

నేను ఒక ఎంజైమును. మీ కంటికి ఆనేంత దాన్ని కాను. చీరాలలో మగ్గం నేసే ఇంటి ఇల్లాలు భ్రమరాంబగారి ఎడమ రొమ్ములో, ఒకానొక కణంలో పుట్టాను. చదువుకున్నవాళ్ళు నన్ను కాథెప్సిన్ అంటారు. ప్రతి కణంలోనూ లైసోజోము అనే చిన్న సంచి ఉంటుంది. కణంలో అరిగిపోయినదంతా అందులోకి వస్తుంది. మేము దాన్ని ముక్కలుగా కోస్తాం. ఆ ముక్కలతోనే కణం మళ్ళీ కొత్తవి కట్టుకుంటుంది. ఇంత పొదుపైన కాపురం దీనికి ఎవరు నేర్పారా అని ఆశ్చర్యపోతుంటాను. పుట్టగానే మా వీపున చక్కెరతో చేసిన చీటీ ఒకటి అతుకుతుంది. అది చూసి మమ్మల్ని సంచికి చేరుస్తారు.

నేను పుట్టింది మాత్రం క్యాన్సరు కణంలో. అది మమ్మల్ని అవసరానికి మించి తయారుచేసింది. చీటీ చూసి తీసుకెళ్ళేవాళ్ళు చాలక, మాలో చాలామందిమి గడప దాటి బయటపడ్డాం. అక్కడ కణాల చుట్టూ పీచులతో అల్లిన దడి ఉంది. మాకు తెలిసిన పని ఒక్కటే కదా, ఆ దడిని కోశాం. తెగినచోటు నుంచి క్యాన్సరు కణాలు ముందుకు జరిగాయి. మా ఆయుష్షు కొద్ది రోజులే. నేను పోతే ఇంకొకరు, వాళ్ళు పోతే మరొకరు. ‘నేను’ అంటే ఆ వరుసంతా అనుకోండి. దారి చంకలోని గ్రంథుల వైపు సాగుతోంది. అక్కడికి చేరితే ఒళ్ళంతా పాకడం సులువు.

భ్రమరాంబగారి చేతికి గడ్డ తగిలింది గానీ నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెలా అవుతుందని పసుపు పట్టు వేసి ఊరుకున్నారు. నెల తర్వాత భర్త కోటివీరయ్యగారు పట్టుబట్టి గుంటూరు తీసుకెళ్ళారు. ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరు వకుళ, ఎల్లుండి బుధవారమే ఆపరేషన్ అన్నది.

“ఏడు శనివారాల నోము పట్టానమ్మా. రెండే అయినాయి. మిగతా అయిదూ కానిచ్చుకుని వస్తా” అన్నారు భ్రమరాంబగారు.

“అయిదు వారాలా? అది లోపల ఊరికే కూర్చోదమ్మా.”

“సామి చూసుకుంటాడులే తల్లీ.”

కోటివీరయ్యగారు తల గోక్కున్నారు. “ఆ అయిదూ నేను చేస్తాలే. ఆలుమగల్లో ఎవురు చేస్తే ఏంది?”

“నువ్వా! పిండిదీపం పెట్టటం తెలుసా నీకు?”

“వేల పోగులు అతికినోణ్ణి. పిండి ముద్ద చెయ్యలేనా?”

“పోగు తెగితే అతుకుతావు. దీపం పగిలితే నెయ్యంతా కారిపోద్ది. సామి ముందు పరువు తియ్యమాకయ్యా!”

డాక్టరమ్మ నవ్వాపుకుంది. “పిండిలో నీళ్ళు తక్కువ పొయ్యమనండి. పగలదు.”

భ్రమరాంబగారి గుండె చప్పుడు నాకు దగ్గరగా వినిపిస్తూనే ఉంది. ఆమె భర్త వైపు తిరిగి, “ఏడు వత్తులెయ్యాల. మర్చిపోమాక” అన్నారు.

బుధవారం నన్ను గడ్డతో సహా కోసి తీశారు. నేను ఎన్నిటినో కోశాను. నన్ను కోయడం మాత్రం అదే మొదలు. కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్‌లో ముంచగానే నా పదును పోయింది. విచిత్రంగా ఆయుష్షు పెరిగింది. మైనంలో పొదిగి, పలుచని పొరలుగా చీల్చి, గాజుపలక మీద పరిచి రంగు వేశారు. నేనున్న చోటల్లా గోధుమరంగు తేలింది.

పదిహేను రోజులకు దంపతులు మళ్ళీ వచ్చారు. డాక్టరమ్మ నా పలకనూ, చంకలోంచి తీసిన గ్రంథుల పలకనూ సూక్ష్మదర్శిని కింద ఉంచి, తల ఎత్తి చెప్పింది: “చంకలోకి పాకలేదమ్మా. మందులు మాత్రం వాడాలి.”

కోటివీరయ్యగారు చేతులు జోడించారు. “అంటే నోము ఫలించినట్టేనా డాక్టరమ్మా?”

“ఇంకా మూడు వారాలుండగానే అడుగుతావేందయ్యా!” అని భార్య కసిరారు.

డాక్టరమ్మ నవ్వి మందులు రాసింది. ఫలించిందో లేదో నాకూ తెలియదు. ఆసుపత్రి బీరువాలో ఉన్న నా పలకను ఎవరైనా తీసి చూస్తే ఒకటి కనబడుతుంది. మా గోధుమరంగు చార, చంక గ్రంథులకు పోయే ఒక రసనాళం గోడను ఆనుకుని ఆగి ఉంది. గోడ తెగలేదు. ఇంకెన్ని శనివారాలు దొరికి ఉంటే తెగేదో చెప్పలేను. అయిదు శనివారాలు మాత్రం పట్టేది కాదు.